వెయ్యి పుస్తకాలు, పదహారు టెరాబైట్లు

హనుమకొండలోని శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో వెలసింది. నిజాం పాలనలో తెలుగు చదువుకు చోటే కరువైన రోజుల్లో పుస్తకానికి ఒక ఇల్లు కట్టాలన్న పట్టుదల అది. అటువంటి పాత గ్రంథాలయాల్లో నూరేళ్లనాటి కాగితం ముట్టుకుంటే విరుగుతుంది. పుస్తకం పొడి కాకముందే దాని ప్రతి పేజీనీ స్కాన్ చేసి కంప్యూటర్లో దాచాలి. ఆ దాచినది పోకుండా మరో కంప్యూటర్లో బ్యాకప్ ఉండాలి. ఇంతవరకూ అందరూ ఒప్పుకుంటారు. ఆ బ్యాకప్ సర్వర్‌కు ఎన్ని డిస్కులు కొనాలి అనే దగ్గర మాత్రం చాలామంది లెక్క తప్పుతారు. ఎందుకు తప్పుతారో చూడటానికి ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లెక్క కడదాం.

వరంగల్లులో ఒక గ్రంథాలయం 300 పేజీల పుస్తకాలు వెయ్యి స్కాన్ చేయదలచింది అనుకుందాం. ఏ4 కొలత పేజీని అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేస్తే అడ్డంగా 2,480, నిలువుగా 3,508 చుక్కలు వస్తాయి. చుక్కకు మూడు బైట్లు. హెచ్చించి చూస్తే ఒక్క పేజీ 2.61 కోట్ల బైట్లు, అంటే 26.1 ఎంబీ. మూడు లక్షల పేజీలకు 7,830 జీబీ. టెరాబైట్లలో చెబితే 7.83. కుదింపు లేకుండా దాచే మూలప్రతుల లెక్క ఇది. నష్టం లేని కుదింపుతో ఇది తగ్గుతుంది కానీ ఎంత తగ్గుతుందన్నది పేజీ మీది మరకలను, కాగితం రంగును బట్టి ఉంటుంది. అది ముందుగా తేలే సంగతి కాదు కనుక, దాని మీద ఆశపెట్టి డిస్కులు కొనకూడదు.

ఆ గ్రంథాలయం 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు కొన్నది. బిల్లు మీద 16 టెరాబైట్లు. కావలసినది 7.83. రెట్టింపు ఉంది, ఇక దిగులు లేదనిపిస్తుంది. కానీ మామూలు పద్ధతిలో సర్వర్‌ను సిద్ధం చేస్తే ఆ వెయ్యి పుస్తకాలు అందులో పట్టవు. 962 పుస్తకాలు పూర్తిగా ఎక్కుతాయి. 963వ పుస్తకం మధ్యలో తెగిపోతుంది.

తెగిపోవడం అంటే ఏమిటో ఈ నేలకు బాగా తెలుసు. బమ్మెర పోతన భాగవతం ప్రతి శిథిలమై, పోయిన భాగాలను తర్వాతి కవులు పూరించారని సాహిత్య చరిత్రకారులు రాశారు. అయిదవ స్కంధం గంగన పేరిట, ఆరవది ఏర్చూరి సింగన పేరిట, పదకొండు, పన్నెండు స్కంధాలు వెలిగందల నారయ పేరిట ఉన్నాయి. ప్రతి ఎలా పాడైందన్నదానికి కథలు వేరువేరుగా చెబుతారు. కథ ఏదైనా, ఆ స్కంధాల్లో పోతన చేతి పద్యం మనకు మిగల్లేదు. ఆ ప్రతికి మంచి నకలు ఒకటి వేరే ఊళ్లో ఉండి ఉంటే అనే బాధ, బమ్మెర పేరు విన్నప్పుడల్లా నాకు కలుగుతుంది.

ఇక ఆ చోటు ఎటు పోయిందో చూద్దాం. వరంగల్లు ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాను కాటా మీద పెట్టాక గోనె బరువు తీసివేసి లెక్క కడతారు. అది న్యాయమైన తరుగు. గోనె లేకపోతే మిర్చి మార్కెట్టుదాకా వచ్చేదే కాదు. డిస్కులోనూ అలాంటి తరుగులు కొన్ని ఉన్నాయి. కొన్ని మనం కోరి ఒప్పుకున్నవి, కొన్ని మనకు తెలియకుండానే మన పేరున రాసినవి. ఏది ఏదో తెలుసుకోవడమే ఇక్కడ అసలు పని.

మొదట కనిపించేది తరుగే కాదు, కొలమానం తేడా. పాత లెక్కలో తులం బంగారం అంటే 11.66 గ్రాములు. ఇప్పుడు మన దుకాణాల్లో తులం అంటే పది గ్రాములే. బంగారం తగ్గలేదు, మాట ఒకటే అయినా తూకం మారింది. టెరాబైట్‌కూ ఇదే జరిగింది. డిస్కు తయారుచేసేవారు వెయ్యిని వెయ్యిగానే లెక్కపెట్టి, లక్ష కోట్ల బైట్లను ఒక టెరాబైట్ అంటారు. చాలా కంప్యూటర్లు ప్రతి మెట్టుకూ 1,024తో హెచ్చించి, 1,09,951 కోట్లకు పైబడిన బైట్లను టెరాబైట్ అని చూపుతాయి. కిలో దగ్గర ఈ తేడా 2.4 శాతం, మెగా దగ్గర 4.9, గిగా దగ్గర 7.4, టెరాకు వచ్చేసరికి దాదాపు 10 శాతం. అందుకే 4 టెరాబైట్ల డిస్కు తెర మీద 3.64గా కనబడుతుంది. ఈ గందరగోళం పోవాలని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లోనే రెండో కొలమానానికి కిబి, మెబి, గిబి, టెబి అనే వేరే పేర్లు పెట్టింది. ఆ పేర్లు వాడుకలో పెద్దగా నిలవలేదు. పేరు ఎలా ఉన్నా, కొనేటప్పుడూ నింపేటప్పుడూ ఒకే కొలమానంలో లెక్క రాసుకుంటే ఇక్కడ ఒక్క బైటు కూడా పోదు. ఈ వ్యాసంలో చోటు లెక్కలన్నీ వెయ్యి చొప్పునే కట్టాను, ఫార్మాట్ కొలతల్లో వచ్చే 4, 16, 32, 128 కేబీలు, మెగాబైట్ మాత్రం 1,024 లెక్కవి.

రెండో తరుగు మన కంటికి ఎన్నడూ కనబడదు. అయినా ఇది చెప్పకుండా ఉండలేను, దీని వెనక గొప్ప ఇంజనీరింగ్ ఉంది. పాత డిస్కుల్లో సమాచారం 512 బైట్ల గళ్లలో, అంటే సెక్టార్లలో ఉండేది. ఒక్కో గడి చివర తప్పులు దిద్దే సంకేతానికి దాదాపు 50 బైట్లు, గడి ఎక్కడ మొదలవుతుందో తెలిపే గుర్తులకు, ఖాళీకి మరో 15 బైట్లు పోయేవి. అంటే 577 బైట్ల చోటులో పనికివచ్చేది 512 మాత్రమే, అంటే దాదాపు 89 శాతం. గడిని 4,096 బైట్లకు పెంచితే దిద్దే సంకేతానికి 100 బైట్లు, గుర్తులకు అవే 15 బైట్లు సరిపోయాయి. పనికివచ్చే భాగం 97 శాతానికి పెరిగింది. పైగా పొడవైన సంకేతం పెద్ద గాయాలను కూడా మాన్పగలదు. 2011 నుంచి డిస్కుల పరిశ్రమ ఈ పెద్ద గడికి మారింది. బిల్లు మీద రాసే సంఖ్య ఈ తరుగు పోగా మిగిలినదే కాబట్టి మన లెక్కలో దీన్ని మళ్లీ తీసివేయనక్కర్లేదు.

మూడోది పెద్దది, మనం తెలిసి ఒప్పుకున్నది. నాలుగు డిస్కులను రెయిడ్ 6 పద్ధతిలో కలిపితే రెండు డిస్కులంత చోటు సరిచూసే సమాచారానికి పోతుంది. ఏ రెండు డిస్కులు చెడినా పుస్తకాలు నిలుస్తాయి. పదహారు ఎనిమిదికి దిగింది. ఒక్క డిస్కే వదులుకునే రెయిడ్ 5 చాలదా, అప్పుడు పన్నెండు మిగులుతాయి కదా అని అడగవచ్చు. ఒక డిస్కు చెడి కొత్తది పెట్టినప్పుడు మిగిలిన మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా చదివి ఆ కొత్తదాన్ని నింపాలి. అది 12 టెరాబైట్ల చదువు, అంటే 96 లక్షల కోట్ల బిట్లు. చాలా మామూలు డిస్కులకు తయారీదారులు ఇచ్చే హామీ ఏమిటంటే, 100 లక్షల కోట్ల బిట్లకు చదవలేని తప్పు ఒకటికి మించదని. అది గరిష్ఠ పరిమితి. నిజంలో డిస్కులు ఇంతకంటే మెరుగ్గానే ఉంటాయి. అయినా సరిగ్గా ఆపదవేళ, హామీ హద్దుకు ఇంత దగ్గరగా, కాపు లేకుండా నడవడం నాకు సమ్మతం కాదు. ఆ రెండో డిస్కును వదులుకోవాల్సిందే.

రెయిడ్‌ను బ్యాకప్ అనుకునేవారున్నారు. ఎవరైనా పొరపాటున ఒక పుస్తకాన్ని తుడిచేస్తే రెయిడ్ ఆ తుడుపును కూడా అంతే నమ్మకంగా అమలు చేస్తుంది. డిస్కు చెడిపోవడం అనే ఒక్క ఆపదకే అది విరుగుడు.

ఇక ఫార్మాట్. తాళపత్ర గ్రంథాన్ని దగ్గరగా చూసినవారు గమనించి ఉంటారు, ఆకులో రాయగలిగిన చోటంతా రాయరు. తాడు దూర్చే చిల్లు చుట్టూ ఖాళీ వదులుతారు. అంచులు వదులుతారు. పక్కన ఆకు సంఖ్య వేస్తారు. ఆ చిల్లు చోటులో నాలుగు అక్షరాలు పట్టేవే. కానీ తాడు లేకపోతే ఆకులు చెదురుతాయి, సంఖ్య లేకపోతే చెదిరినవి మళ్లీ వరుసకు రావు. ఖాళీ డిస్కు కట్టని ఆకుల మోపు. ఫార్మాట్ చేయడమంటే దానికి చిల్లు, తాడు, సంఖ్య ఏర్పాటు చేయడం.

లినక్స్ సర్వర్లలో బాగా వాడుకలో ఉన్న ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ వ్యవస్థ ఈ పని ఎలా చేస్తుందో చూడండి. రెయిడ్ పోను మిగిలిన మన ఎనిమిది టెరాబైట్ల చోటును, అంటే వాల్యూమ్‌ను, అది 4 కేబీ బ్లాకులుగా కోస్తుంది. 32,768 బ్లాకులను ఒక సమూహం చేస్తుంది. మన వాల్యూమ్‌లో అలాంటి సమూహాలు 59,600 దాకా వస్తాయి. ప్రతి సమూహంలో ఏ బ్లాకు నిండింది, ఏది ఖాళీ అని చూపే పటం ఒకటి, ఐనోడ్లకు అలాంటి పటమే ఇంకొకటి. ఐనోడ్ అంటే ఒక ఫైలు పహాణీ అనుకోవచ్చు. ఫైలు ఎవరిది, పరిమాణం ఎంత, ఎప్పుడు మారింది, ఏయే బ్లాకుల్లో ఉంది అన్నవన్నీ ఆ 256 బైట్లలో ఉంటాయి. వాల్యూమ్ మొత్తం స్వరూపాన్ని చెప్పే సూపర్‌బ్లాక్ పాడైతే అంతా అయోమయమే కనుక, దానికి నకళ్లు ఉంటాయి. మొదట ప్రతి సమూహంలోనూ ఒక నకలు ఉంచేవారు, అది మరీ దుబారా అయింది. ఇప్పుడు సమూహాలను సున్నా నుంచి లెక్కపెట్టి, ఒకటో సమూహంలోనూ, 3, 5, 7 అంకెల ఘాతాలైన సమూహాల్లోనూ ఉంచుతారు. 3, 5, 7, 9, 25, 27, 49 ఇలా సాగుతుంది వరుస. మన వాల్యూమ్‌లో మూలం కాక 22 నకళ్లు పడతాయి. దగ్గర దగ్గరగా కొన్ని, దూరదూరంగా కొన్ని. ఒకచోట దెబ్బ తగిలినా ఇంకొకచోట నిలుస్తాయి. బ్యాకప్ అనే ఆలోచన ఫార్మాట్ లోపలే ఎంత అందంగా ఇమిడి ఉందో చూశారా!

వీటన్నిటిలో ఎక్కువ చోటు తినేది ఐనోడ్ల పట్టిక. ఈఎక్స్‌టీ4 ఫార్మాట్ చేసే రోజే, ముందు ముందు ఎన్ని ఫైళ్లు రావచ్చో ఊహించి అన్ని ఐనోడ్లకూ చోటు కోసి పెడుతుంది. మామూలుగా 16 కేబీకి ఒకటి. 4 టెబిబైట్లు దాటిన వాల్యూమ్‌కు తనంతట తానే 32 కేబీకి ఒకటి చేస్తుంది. ఆ లెక్కన మన వాల్యూమ్‌లో 24.4 కోట్ల ఐనోడ్లు ఏర్పడతాయి. 2011 జనగణనలో తెలంగాణ జనాభా 3.5 కోట్లు. అంటే తలా ఏడు ఫైళ్లు దాచుకునేంత ఏర్పాటు. మన గ్రంథాలయానికి కావలసినవి మూడు లక్షలు. ఈ ఏర్పాటుకు అయ్యే చోటు 62.5 జీబీ. పటాలు, నకళ్లు, రాతలో కరెంటు పోతే చక్కదిద్దుకునేందుకు ఉంచే జర్నల్ అన్నీ కలిపినా మరో రెండు జీబీకి మించవు. 4 టెరాబైట్ల డిస్కులో 4,000 జీబీకి కాస్త పైనే ఉంటుంది కనుక మన వాల్యూమ్ 8,001 జీబీ, అందులో ఇవి పోను 7,937 మిగిలాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. 7,830 కావాలి, 7,937 ఉన్నాయి. కొంప ముంచేది తర్వాతిది. ఈఎక్స్‌టీ4 మొత్తం చోటులో 5 శాతాన్ని నిర్వాహకుడి కోసం పక్కన పెడుతుంది. మామూలు వాడుకరి దాన్ని తాకలేడు. చెరువులో తూము మట్టానికి దిగువన నిలిచే నీరు కాలువకు పారదు కదా, అలాంటిది. మన వాల్యూమ్‌లో అది 400 జీబీ. మిగిలినది 7,537. వెయ్యి పుస్తకాల్లో 37కు పైగా బయట నిలబడింది ఇక్కడే. తెర మీద మొత్తం 7.2 అని, వాడుకోదగినది 6.9 లోపు అని ఒకే వరుసలో చూసి, డిస్కే చెడిందనుకునేవారూ ఉంటారు.

ఈ నిల్వకు ఒక చరిత్ర ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో మెక్యూసిక్, జాయ్, లెఫ్లర్, ఫాబ్రీ కలిసి యూనిక్స్‌కు వేగవంతమైన ఫైల్ వ్యవస్థను నిర్మించి 1984లో దాని మీద పరిశోధన పత్రం ప్రచురించారు. వారు 10 శాతం ఖాళీ ఉంచమన్నారు. డిస్కు పూర్తిగా నిండే కొద్దీ కొత్త ఫైలుకు ఒకేచోట బ్లాకులు దొరకవు, ముక్కలుగా చెదిరిపోతుంది, చదవడం నెమ్మదిస్తుంది. పైగా సర్వర్ నడిచే డిస్కే నిండిపోతే నిర్వాహకుడు లోపలికి వెళ్లి బాగుచేసే దారి కూడా మూసుకుపోతుంది. కారణాలు రెండూ సబబైనవే. కానీ ఆనాటి 500 ఎంబీ డిస్కులో 5 శాతం అంటే 25 ఎంబీ. అదే శాతం ఈనాడు 400 జీబీ అయింది. బ్యాకప్‌ల కోసమే కేటాయించిన వాల్యూమ్ మీద సర్వర్ నడవదు. అందులో చిన్న ఫైళ్లు రోజూ పుట్టి గిట్టవు. అక్కడ ఒక్క శాతం చాలు. అలా మారిస్తే 80 జీబీ మాత్రమే నిల్వకు పోయి 7,857 మిగులుతాయి. వెయ్యి పుస్తకాలూ పడతాయి, 27 జీబీ మిగులుతుంది. అందులో మరో మూడు పుస్తకాలు పెట్టవచ్చు.

ఐనోడ్లను మెగాబైట్‌కు ఒకటి చొప్పున తగ్గించి ఫార్మాట్ చేస్తే పట్టిక 62.5 నుంచి 2 జీబీకి దిగుతుంది. అప్పుడు మిగులు 88 జీబీ, పదకొండు పుస్తకాలంత. ఐనోడ్లు అప్పటికీ 76 లక్షలుంటాయి. ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. నిల్వ శాతాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఫైళ్లు ఉండగానే, ఒక్క ఆదేశంతో మార్చవచ్చు. ఐనోడ్ల నిష్పత్తి, బ్లాకు పరిమాణం మాత్రం ఫార్మాట్ రోజున రాసినవే. మార్చాలంటే అంతా ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఎనిమిది టెరాబైట్లు నిండిన తర్వాత అది మాటలు కాదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో వ్యవస్థ ఐనోడ్లను అవసరం కొద్దీ అప్పటికప్పుడు సృష్టించుకుంటుంది. పెద్ద ఫైళ్లకు నేను దాని వైపే మొగ్గుతాను. కాకపోతే దాన్ని పెంచడం సులువు, కుదించడం దాదాపు కుదరదు.

ఐనోడ్లు తగ్గించాక రోజువారీ బ్యాకప్‌లకు సరిపోతాయా అన్న అనుమానం న్యాయమైనదే. మారని ఫైలును మళ్లీ రాయకుండా పాతదానికే మరో పేరు తగిలించే పద్ధతి బ్యాకప్‌లో మామూలు. దాన్ని హార్డ్ లింక్ అంటారు. పేరు కొత్తది, ఐనోడ్ పాతదే. కానీ ఫోల్డర్లకు అలా కుదరదు, ప్రతిరోజూ ప్రతి ఫోల్డర్‌కూ కొత్త ఐనోడ్ కావాలి. పుస్తకానికో ఫోల్డర్ చొప్పున రోజుకు వెయ్యి, ఏడాదికి 3.65 లక్షలు. 76 లక్షల ఐనోడ్లు ఇరవై ఏళ్లకు సరిపోతాయి. డిస్కులే అన్నాళ్లు బతకవు.

ఇంతవరకూ పెద్ద ఫైళ్ల మాట. చిన్న ఫైళ్ల దగ్గర తరుగు మరో రూపం దాలుస్తుంది. ఏ ఫైలైనా పూర్తి బ్లాకులనే తీసుకుంటుంది, చివరి బ్లాకులో మిగిలిన ఖాళీ వృథా. పైన చెప్పిన బర్క్‌లీ పత్రంలోనే దీని కొలత ఉంది. వారి యూనిక్స్ ఫైళ్లను 512 బైట్ల బ్లాకుల్లో ఉంచితే వృథా 6.9 శాతం, 4,096 బైట్ల బ్లాకుల్లో ఉంచితే 45.6 శాతం. మన పేజీ చిత్రాలు ఒక్కోటి 26 ఎంబీ కాబట్టి ఈ వృథా లెక్కలోకి రాదు. కానీ వెతుక్కోవడానికి వీలుగా ప్రతి పేజీకీ దాని పాఠాన్ని విడి ఫైలుగా పెడితే? యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. పేజీకి 1,200 సంకేతాలనుకుంటే 3.6 కేబీ, ఒక బ్లాకులో ఇముడుతుంది. మూడు లక్షల పేజీల పాఠం 1.1 జీబీ, డిస్కు మీద 1.2 జీబీ. అదే పాఠాన్ని ఊరు దాటించడానికి ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ వ్యవస్థతో ఫార్మాట్ చేసిన డిస్కులోకి కాపీ చేస్తే, అక్కడ పెద్ద డిస్కులకు విండోస్ మామూలుగా పెట్టే బ్లాకు 128 కేబీ. అప్పుడు ఆక్రమించే చోటు 39 జీబీ. అక్షరం ఒక్కటీ పెరగలేదు. పుస్తకం పాఠమంతటినీ ఒకే కట్టగా కట్టి కాపీ చేస్తే ఈ బెడద ఉండదు.

ఊరు దాటించడం ఎందుకంటే, వరంగల్లుకు వరద కొత్త కాదు. 2020 ఆగస్టులో కాలనీలు మునిగాయి. 2023 జులై చివరి వారంలో రామప్ప చెరువు ఉన్న వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 65 సెంటీమీటర్ల వాన కురిసింది. అదే వారంలో వరంగల్లులో భద్రకాళి చెరువు కట్ట తెగింది. కింది అంతస్తులోని గదిలో అసలు ప్రతులు, పక్క బల్ల మీద బ్యాకప్ సర్వర్ ఉంటే, ఎన్ని రెయిడ్‌లు పెట్టినా నీటికి రెండూ ఒకటే. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో అనే నియమం పాటిస్తారు.

మన గ్రంథాలయం నాలుగు డిస్కులతో వెయ్యి పుస్తకాలను ఇరికించగలదు, నిజమే. నేనైతే ఐదో డిస్కు కొనమంటాను. రెయిడ్ 6లో అయిదు డిస్కులంటే 12 టెరాబైట్లు. నిల్వ శాతం మీద బేరం పెట్టుకోనక్కర్లేదు, వచ్చే ఏటి నాలుగు వందల పుస్తకాలకూ చోటుంటుంది. ఐనోడ్ల నిష్పత్తి మాత్రం ఆ రోజే సరిగా రాయించాలి. ఇంకొక ఫైలు కూడా ఆ రోజు నుంచే మొదలుపెట్టాలి. ప్రతి పేజీ చిత్రానికీ షా-256 పద్ధతిలో ఒక ముద్ర తీసి, పేజీ పేరు పక్కన ఒక్కో వరుసగా రాసుకోవాలి. ముద్రకు 64 అక్షరాలు, పేరుతో కలిపి వరుసకు తొంభై బైట్ల లోపు. ఏడాదికొకసారి వేరే ఊళ్లోని డిస్కు తెప్పించి, ముద్రలు మళ్లీ తీసి ఈ వరుసలతో సరిచూడాలి. ఏ పేజీలో ఒక్క బిట్టు మారినా దొరికిపోతుంది. మూడు లక్షల పేజీలకూ కలిపి ఈ ముద్రల పద్దుకు అయ్యే చోటు దాదాపు 26 ఎంబీ. ఇంచుమించు ఒక్క పేజీ చిత్రమంత.